ఒక్క అమ్మాయి సెండాయ్ వెళ్లిపోతే: అకిటా విద్యాబోర్డు ఒక చిన్న బడిని సర్దిన తీరు

జపాన్‌లోని అకిటా వెళ్లిన మూడో వారంలో ఒక పటం గీశాను. పైన కేంద్ర విద్యాశాఖ, దాని కింద ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) విద్యాబోర్డు, ఆ కింద పట్టణ విద్యాబోర్డు, అట్టడుగున బడి. బాణాలన్నీ కిందికే. డీఈవో ఆఫీసు నుంచి ఎంఈవోకి, అక్కడి నుంచి హెచ్ఎంకి కాగితాలు దిగడమే చూసిన చెయ్యి ఇంకెలా గీస్తుంది! ప్రాంతీయ విద్యా కార్యాలయంలో నాకు పని చూపించే బాధ్యత తీసుకున్న అధికారి ముందు దాన్ని పెట్టాను. ఆయన అసలు సైన్స్ టీచరు. కాసేపు చూసి, ప్రిఫెక్చర్‌కీ పట్టణానికీ మధ్య నేను గీసిన బాణాన్ని రబ్బరుతో చెరిపేసి, అక్కడ చుక్కల గీత పెట్టారు. "ఇక్కడ ఆర్డర్ ఉండదు సెన్సేయ్ (మాస్టారూ), సలహా ఉంటుంది" అన్నారు.

ఆర్డర్ లేకుండా ఇన్ని బళ్లు ఎలా నడుస్తాయని నాకు అనుమానం. అది తీరడానికి ఏడాది పట్టింది. తీర్చింది ఒక కొండ ఊరి జూనియర్ హైస్కూలు, అంటే మన ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లాంటి మూడు గ్రేడులున్న బడి. ఆ కేసే ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను. పిల్లల సంఖ్యలు, మనుషుల ఆనవాళ్లు కాస్త మార్చాను. చట్టాలు, లెక్కలు కట్టే పద్ధతి మాత్రం ఉన్నవున్నట్టే.

నా గురించి రెండు ముక్కలు. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఉద్యోగంలో ఉన్న టీచర్లకు జపాన్ ప్రభుత్వం ఇచ్చే ఏడాదిన్నర స్కాలర్‌షిప్ మీద వెళ్లి, అక్కడ పాఠశాల పాలన చదువుకున్నాను. తిరిగొచ్చాక వర్క్ అడ్జస్ట్‌మెంట్ ఫైళ్లు, అంటే టీచర్లు ఎక్కువున్న బడి నుంచి తక్కువున్న బడికి సర్దే పని, నా నెత్తిన పడ్డాయి. ఈ కేసు నన్ను వదలకపోవడానికి అదో కారణం.

బడి పట్టణానిది, జీతం ప్రిఫెక్చర్‌ది

అకిటా జపాన్ ప్రధాన ద్వీపంలో ఉత్తర భాగాన ఉంటుంది. విస్తీర్ణంలో మన పాత కరీంనగర్ జిల్లా అంత. కానీ ఎన్నికైన గవర్నరు, అసెంబ్లీ ఉంటాయి. 2017లో జనాభా 10 లక్షల కిందికి పడిపోయింది, ఇంకా పడుతూనే ఉంది. 65 ఏళ్లు దాటినవాళ్లు దాదాపు 39 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. 25 నగరాలు, పట్టణాలు, గ్రామాలు ఉన్నాయి. వాటికి వాటి విద్యాబోర్డులున్నాయి. వీటిని చిక్యోయి అంటారు. రాజధాని అకిటా నగరంలో ఉండే ప్రిఫెక్చర్ బోర్డును కెన్‌క్యోయి అంటారు. రెండింటికీ నడుమ ఉత్తర, మధ్య, దక్షిణ ప్రాంతాలకు కెన్‌క్యోయివే మూడు ప్రాంతీయ కార్యాలయాలు. హైస్కూళ్లు చాలావరకు నేరుగా ప్రిఫెక్చర్ చేతిలోనే ఉంటాయి కాబట్టి అక్కడ పేచీ లేదు. చిక్కంతా ఎలిమెంటరీ, జూనియర్ హై బళ్ల దగ్గర.

ఈ బళ్లు పట్టణానివి. కట్టడం, కప్పు మీద మంచు తోడించడం, బస్సు, వంటశాల, అన్నీ పట్టణం ఖర్చు. టీచర్లు చట్టప్రకారం పట్టణ ఉద్యోగులే, రోజువారీ పర్యవేక్షణా పట్టణ బోర్డుదే. కానీ వాళ్లను నియమించేది, బదిలీ చేసేది, జీతమిచ్చేది ప్రిఫెక్చర్. ఆ జీతంలో మూడో వంతు కేంద్రం భరిస్తుంది. 2006కి ముందు సగం భరించేది. ఈ ఏర్పాటు వెనక కారణం సులువే: పేద పల్లె టీచర్లకు జీతం ఇవ్వలేదు, డబ్బున్న ఊరు మంచి టీచర్లను ఎగరేసుకుపోతుంది. జీతం భారాన్ని ప్రిఫెక్చర్ నెత్తికి ఎత్తితే మారుమూల కొండమీద ఉన్నా, రాజధానిలో ఉన్నా టీచరు జీతపు స్కేలు ఒక్కటే. సెండాయ్, యోకోహామా లాంటి 20 పెద్ద నగరాలు మాత్రం 2017 ఏప్రిల్ నుంచి తమ టీచర్ల జీతం తామే ఇచ్చుకుంటున్నాయి. అకిటా నగరం ఆ జాబితాలో లేదు.

ఆ కొండ ఊరి స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటే ఇది కళ్లకు కడుతుంది. లెక్కల టీచరు, పిల్లల ఆరోగ్యం చూసే యోగో టీచరు, ఆఫీసు క్లర్కు ప్రిఫెక్చర్ జీతం మీద. వెనకబడిన పిల్లల పక్కన కూర్చునే సహాయకురాలు, మరమ్మతులు చూసే పెద్దాయన, వంటవాళ్లు పట్టణం జీతం మీద. బల్లలన్నీ ఒకదానికొకటి ఆనించే ఉంటాయి. టీ కెటిల్ ఒక్కటే. ఎవరి జీతం ఎక్కణ్ణుంచి వస్తుందో అక్కడ ఎవరూ మాట్లాడుకోగా వినలేదు. మార్చి నెలలో తప్ప.

41 అనే గీత

ఆ బడిలో పై రెండు గ్రేడుల్లో 44, 42 మంది ఉన్నారు, కొత్తగా చేరబోయే మొదటి గ్రేడు 41. జూనియర్ హైలో తరగతికి (మన సెక్షన్‌కి) 40 మంది అన్నది అప్పటికి దేశం మొత్తానికి ఉన్న పరిమితి. ఈ పరిమితి పెట్టే చట్టం 1958 నాటిది. మొదట 50, తర్వాత 45, 1980లో 40కి దించారు. ఎలిమెంటరీలో 2021 నుంచి ఏడాదికో గ్రేడు చొప్పున 35కి తెచ్చారు. జూనియర్ హైకి అప్పటికి ఆ వంతు రాలేదు.

41 మంది అంటే రెండు తరగతులు, 40 అయితే ఒకటే. అంటే ఆ బడికి ఆరు తరగతులా, ఐదా అన్నది ఒక్క తల మీద ఆధారపడి ఉంది. జనవరిలో ఒక తండ్రికి సెండాయ్ బదిలీ అయింది. కుటుంబంతో సహా వెళ్లిపోతున్నారు. జూనియర్ హైలో చేరాల్సిన ఆ అమ్మాయి పేరు లిస్టు నుంచి కొట్టేశారు.

ఇక లెక్క చూడండి. టీచర్ల సంఖ్య తేల్చడానికి చట్టంలో ఒక పట్టిక ఉంది. బడిలో ఎన్ని తరగతులుంటే ఆ సంఖ్యను పక్కన ఇచ్చిన గుణకంతో గుణించాలి. 6 తరగతులకు గుణకం 1.750, అంటే 10.5 మంది. 5 తరగతులకు 1.660, అంటే 8.3. ఒక్క పిల్ల వెళ్తే 2.2 టీచర్లు పోయారు. తమాషా ఏమిటంటే 4 తరగతులైనా 8 మందే, 3 తరగతులైనా 8 మందే. అసలు మెట్టు ఐదుకీ ఆరుకీ మధ్యనే ఉంది. లెక్కల మాస్టారిని కాబట్టి ఆ పట్టిక చూసి ముచ్చటపడ్డాను. ఆ బడి హెచ్ఎం ముందు ముచ్చటపడటం మర్యాద కాదని తర్వాత తెలిసింది.

ఒక మాట చెప్పాలి. ఈ గుణకాలు ప్రిఫెక్చర్ మొత్తానికి ఎంతమంది టీచర్లు రావాలో తేల్చడానికే. వచ్చిన మొత్తాన్ని ఏ బడికి ఎంత పంచాలన్నది కెన్‌క్యోయి ఇష్టం. అకిటా 2001లోనే సొంతంగా చిన్న తరగతుల పథకం మొదలుపెట్టి, తరగతికి సుమారు 30 మంది అనే పద్ధతిని మెల్లగా పై గ్రేడులకు విస్తరించింది. కాబట్టి ఆ 40 మందిని ఒకే గదిలో కుక్కుతారన్న భయం ఎవరికీ లేదు. రెండు గదులు ఎలాగూ ఉంటాయి. గదుల్లోకి వెళ్లే మనుషులేరీ అన్నదే ప్రశ్న.

జూనియర్ హైలో తొమ్మిది సబ్జెక్టులు: జపనీస్, సాంఘికం, లెక్కలు, సైన్స్, సంగీతం, చిత్రకళ, ఆరోగ్యం-వ్యాయామం, సాంకేతికం-గృహవిజ్ఞానం, ఇంగ్లిష్. ప్రతిదానికీ వేరే లైసెన్స్ కావాలి. పట్టిక ఇచ్చిన ఎనిమిది మందిలో వైస్ ప్రిన్సిపాల్ కూడా ఉంటారు. ఏడుగురితో తొమ్మిది సబ్జెక్టులు! కొత్త విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి, ఇదీ మార్చిలోగా తేల్చాల్సిన లెక్క.

నాయిషిన్, నాయిజి

బదిలీల పని శరదృతువులోనే మొదలవుతుంది. టీచర్లు తమ కోరికలు కాగితం మీద రాసిస్తారు, ప్రిన్సిపాల్ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని మాట్లాడతాడు. తన అభిప్రాయం పట్టణ బోర్డుకి చెబుతాడు. పట్టణ బోర్డు దాన్ని మలచి ప్రిఫెక్చర్‌కి పంపుతుంది. ఈ కాగితమే నాయిషిన్. మామూలుగా అది రాకుండా కెన్‌క్యోయి టీచరును కదపదు. నా పటంలో లేని పైకి వెళ్లే బాణం ఇదే.

ఆ తర్వాత ప్రాంతీయ కార్యాలయంలో జరిగేది చదరంగం. బల్ల మీద బళ్ల పేర్లు, సబ్జెక్టులు, వయసులు, మంచు పడితే ఎంతసేపట్లో కారులో చేరగలరు అన్న అంచనాలు. ఒక సంగీతం టీచరును కదిపితే మూడు ఊళ్లు కదులుతాయి. మార్చి మధ్యలో టీచరును పిలిచి ఆంతరంగికంగా చెబుతారు: ఫలానా బడి. ఇది నాయిజి. నెలాఖరున స్థానిక పత్రిక అకిటా సకిగకే షింపోలో పేర్ల జాబితా అచ్చవుతుంది. ఊళ్లో వాళ్లంతా దాన్ని పరీక్షా ఫలితాల్లా చదువుతారు. ఏప్రిల్ 1న ఉత్తర్వు చేతికిస్తారు.

ఇక్కడ నా గొడవ ఒకటి చెప్పుకోవాలి. మన దగ్గర సర్వీసుకి పాయింట్లు, స్పౌజ్‌కి పాయింట్లు, సీనియారిటీ లిస్టు, వెబ్ ఆప్షన్లు. కోర్టు కేసులు పడతాయి, తేదీలు జరుగుతాయి, అయినా నాకు ఎందుకు రాలేదో నేను అడగగలను. అక్కడ నాయిజిలో కారణం ఉండదు. నాకు పరిచయమైన ఒక టీచరు భర్త ప్రిఫెక్చర్‌కి ఆ చివర ఉంటే ఆమెను ఈ చివర వేశారు. రెండు వారాల్లో సామాను సర్దుకుంది. ఎందుకని అడిగావా అంటే నన్ను వింతగా చూసింది. పాయింట్ల పద్ధతి పెట్టుకోకూడదా అని నా రిపోర్టులో రాస్తే, నా మార్గదర్శి మర్యాదగా ఒక ప్రశ్న వేశారు: మీ పాయింట్లలో బడికి ఏ సబ్జెక్టు లోటో, ఏ పిల్లలకు ఎలాంటి టీచరు కావాలో ఎక్కడుంది? సబ్జెక్టు వారీగా ఖాళీలు చూపిస్తామని చెప్పాను. పూర్తి జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఇప్పటికీ మన పాయింట్లు వదులుకోమంటే ఒప్పుకోను. కానీ ఆ ప్రశ్న నా ఫైళ్ల మీద కూర్చునే ఉంది.

చుక్కల గీత మీద నడిచే మనుషులు

కథకి కాస్త అవతలికి వెళ్తున్నాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

షిదో షుజి అనే ఉద్యోగం ఉంది. టీచరుగా పదిహేనో ఇరవయ్యో ఏళ్లు చేసినవాళ్లను బోర్డు ఆఫీసుకి తీసుకొస్తారు. కొన్నేళ్లు బళ్లు తిరిగి పాఠాలు చూస్తారు, సలహాలిస్తారు. తర్వాత వైస్ ప్రిన్సిపాల్‌గానో ప్రిన్సిపాల్‌గానో మళ్లీ బడికి వెళ్లిపోతారు. నా మార్గదర్శి అలాంటివారే. చిన్న పట్టణ బోర్డులకు సొంత షిదో షుజి ఉండటం కష్టం కాబట్టి ప్రాంతీయ కార్యాలయం వాళ్లే ఆ లోటు తీరుస్తారు. వాళ్లతో నేను ఏడు బళ్లు తిరిగాను. పాఠం చూసి, సాయంత్రం టీచర్లందరితో కూర్చుని గంటన్నర మాట్లాడేవారు. బోర్డు మీద ఈరోజు లక్ష్యం రాశారా, చివర పిల్లలు ఏం నేర్చుకున్నారో వాళ్ల మాటల్లో చెప్పించారా, మూడో బెంచీ పిల్లవాడు ఎక్కడ తప్పిపోయాడు అనే మాటలే. ఇన్‌స్పెక్షన్ అనే వాసన లేదు. రేపు తానూ ఆ టీచర్ల మధ్యకే వెళ్లాలని తెలిసిన మనిషి వేరేగా మాట్లాడతాడు. ఆర్డర్ లేని చోట సలహా ఎందుకు చెల్లుతుందో నాకు అక్కడే తెలిసింది.

1960ల జాతీయ పరీక్షల్లో అకిటా అట్టడుగు వరుసల్లో ఉండేది. 2007లో జాతీయ సామర్థ్య పరీక్ష మళ్లీ మొదలుపెడితే అకిటా దేశంలో ముందు వరుసకి వచ్చింది. అప్పట్నుంచి చూడ్డానికి వచ్చేవాళ్లకు లెక్కలేదు, నాలాంటివాళ్లతో సహా. ఈ మార్పుకి చిన్న తరగతులు కారణమనీ, ఇంటి దగ్గర రాసే నోటుపుస్తకం మీద టీచరు రోజూ ఎర్ర సిరాతో రాసే రెండు ముక్కలు కారణమనీ, మూడు తరాలు కలిసుండే ఇళ్లు కారణమనీ ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. ఒక్కదాన్నే పట్టుకుని ఇదీ రహస్యం అనేవాళ్లను నేను నమ్మను.

మంచి మార్కులూ గొడవ తెచ్చాయి. 2008 డిసెంబర్‌లో అప్పటి గవర్నర్ తెరాటా సుకెషిరో పట్టణాలవారీ సగటు మార్కుల్ని బహిరంగపరిచారు, పట్టణ బోర్డులు వద్దన్నా. జనం డబ్బుతో జరిగే పరీక్ష, జనానికి తెలియాలన్నది ఆయన వాదన. నలుగురు పిల్లలున్న బడి ఉన్న ఊరి సగటు చెబితే ఆ నలుగురి మార్కులూ చెప్పినట్టే కదా అన్నది బోర్డుల బాధ. ఎన్నికైన గవర్నరుకీ విద్యాబోర్డుకీ మధ్య గీత ఎక్కడుండాలన్నది అక్కడ పాత తగువే. 1948లో బోర్డు సభ్యుల్ని జనమే ఎన్నుకునేవారు. 1956 చట్టం ఎన్నికలు తీసేసి నియామకం పెట్టింది. 2011లో షిగా ప్రిఫెక్చర్ ఓత్సులో తోటి పిల్లల వేధింపులకు గురైన జూనియర్ హై కుర్రాడు ఆత్మహత్య చేసుకున్నాడు. అక్కడి బోర్డు ఆ విషయాన్ని నడిపిన తీరు మీద దేశమంతా మండిపడింది. జవాబు చెప్పాల్సింది పార్ట్ టైమ్ బోర్డు ఛైర్మనా, ఫుల్ టైమ్ సూపరింటెండెంటా అన్నది కూడా తేలకపోవడం ఆ కోపానికి ఒక కారణం. 2014లో చట్టం సవరించి, 2015 ఏప్రిల్ నుంచి రెండు కుర్చీల్నీ ఒకటి చేశారు. ఆ సూపరింటెండెంటును గవర్నరో మేయరో సభ అంగీకారంతో మూడేళ్లకు నియమిస్తారు. మిగతా సభ్యులు మామూలుగా నలుగురు, నాలుగేళ్ల పదవి, వాళ్లలో పిల్లల తల్లో తండ్రో ఒకరు తప్పనిసరి.

పూడ్చిన తీరు

మళ్లీ కొండ ఊరికి వద్దాం. ఫిబ్రవరిలో మోకాలెత్తు మంచులో పట్టణ సూపరింటెండెంట్ ప్రాంతీయ కార్యాలయానికి వచ్చారు. రిటైరైన ప్రిన్సిపాల్. ఎదురుగా కూర్చున్న నా మార్గదర్శి ఒకప్పుడు ఆయన బడిలో కుర్ర టీచరు. ఆ మాట ఇద్దరూ అనలేదు, కానీ టీ కప్పు ఎవరు ముందు అందించారో చూస్తే తెలిసిపోతుంది.

చిన్న తరగతుల పథకం కింద ఒక పోస్టు అదనంగా ఇవ్వడానికి ఆ రోజే దాదాపు ఒప్పుదల కుదిరింది. ఎనిమిది తొమ్మిదైంది. పోస్టు వచ్చింది, మనిషి రావాలి. తాత్కాలిక లెక్చరర్ల జాబితా తీశారు. రెండు రోజుల పాటు పక్క బల్ల దగ్గర ఫోన్లు వింటూ కూర్చున్నాను. ఒకరికి వేరే బడిలో పని దొరికింది, ఒకరు టోక్యో కంపెనీలో చేరిపోయారు, ఒకావిడ ప్రసూతి. లెక్కల లైసెన్స్ ఉన్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఇది అకిటా ఒక్కదాని గోడు కాదు. 2021 విద్యాసంవత్సరం మొదటి రోజున దేశం మొత్తం మీద ప్రభుత్వ బళ్లలో 2,558 టీచర్ల లోటు ఉందని కేంద్ర విద్యాశాఖే లెక్క తేల్చింది.

దారి అనుకోని వైపు నుంచి వచ్చింది. స్థానిక ఉద్యోగుల రిటైర్మెంట్ వయసును 60 నుంచి మెల్లగా 65కి పెంచడం 2023లో మొదలైంది. అందులో ఒక షరతు: 60 దాటితే అధికార పదవిలో ఉండకూడదు. మామూలు ఉద్యోగిగా కొనసాగొచ్చు, జీతం సుమారు 70 శాతం. అలా కుర్చీ దిగిన ఒక ప్రిన్సిపాల్, అసలు లెక్కల టీచరు, ఇల్లు ఆ పక్క లోయలోనే. పెద్దాయన్ని అడగడానికి మా ఆఫీసులో అందరికీ మొహమాటం. పట్టణ సూపరింటెండెంట్ తానే ఫోన్ చేశారు. రెండో రోజు సరేనన్నారట.

చిత్రకళ లెక్క ఇంకోలా తేలింది. జూనియర్ హైలో ఏడాదికి చిత్రకళ పీరియడ్లు మొదటి గ్రేడులో 45, మిగతా రెండింటిలో 35 చొప్పున. ఆరు గదులకీ కలిపి వారానికి ఆరేడు పీరియడ్లు. అంతమాత్రానికి పూర్తి టీచరు ఎవరిస్తారు? పక్క ఊరి బడితో పంచుకున్నారు. ఇది అకిటాకి కొత్త కాదు. 2005 నుంచి అక్కడ క్యోయికు సెన్మోన్‌కన్ అనే ఏర్పాటు ఉంది. పాఠం బాగా చెప్పే టీచరును గుర్తించి, సొంత బడితో పాటు చుట్టుపక్కల బళ్లలోనూ చెప్పిస్తారు. పాత అలవాటు ఉంది కాబట్టి రెండు పట్టణ బోర్డుల మధ్య బస్సు ఖర్చు, టైమ్‌టేబుల్ మాటలు ఒక్క మధ్యాహ్నంలో అయిపోయాయి.

గృహవిజ్ఞానానికి ఎవరూ దొరకలేదు. అప్పుడు చట్టంలో ఉన్న ఒక సందు వాడారు: సబ్జెక్టు లైసెన్స్ లేని టీచరుకి, ప్రిన్సిపాల్‌తో కలిసి దరఖాస్తు పెట్టుకుంటే, కెన్‌క్యోయి ఏడాది లోపు అనుమతి ఇవ్వొచ్చు. వ్యాయామం టీచరు ఆ కాగితం మీద సంతకం చేశాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు. కుట్టుమిషన్‌లో బాబిన్ ఎక్కించడం నేర్చుకోవడానికి రాత్రి ఎనిమిదింటికి స్టాఫ్ రూమ్‌లో కూర్చునేవాడు. ఆ గంటలకు ఓవర్‌టైమ్ ఉండదు. 1971 నాటి చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కి బదులుగా మూల జీతం మీద అప్పట్లో 4 శాతం కలిపి ఇచ్చేసేవారు, ఎన్ని గంటలు చేసినా అంతే. 2025లో దాన్ని ఏటా ఒక్కో శాతం చొప్పున 10 దాకా పెంచడానికి చట్టం చేశారు. ఆ రాత్రులకు అది సరిపోతుందని నాకనిపించదు.

ఈ కేసులో నాకు నచ్చనిది ఇదే. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ పని తప్పించుకోలేదు, ఏప్రిల్ నాటికి ప్రతి గదిలో మనిషి ఉన్నాడు. కానీ లోటు ఎక్కడికీ పోలేదు, తొమ్మిది మంది సాయంత్రాల్లోకి సర్దుకుంది. గృహవిజ్ఞానం చెబుతున్నది లైసెన్స్ లేని టీచరని పేరెంట్స్ మీటింగులో ఎవరూ చెప్పలేదు. అడిగితే తప్పక చెప్పేవారు. అడగాలని ఎవరికి తెలుస్తుంది? పట్టణాన్ని అడిగితే నియామకం ప్రిఫెక్చర్‌దంటారు, ప్రిఫెక్చర్‌ని అడిగితే బడి పట్టణానిదంటారు. రెండూ నిజమే. చుక్కల గీతకి ఉన్న రెండో ముఖం అది.

ఏప్రిల్‌లో ఒకసారి ఆ బడికి వెళ్లాను. ఒకప్పటి ప్రిన్సిపాల్ ఇప్పుడు స్టాఫ్ రూమ్‌లో తలుపు దగ్గరి బల్ల దగ్గర, కొత్తవాళ్లు కూర్చునే చోట కూర్చున్నారు. తనకంటే పదేళ్లు చిన్నవాడైన ప్రిన్సిపాల్ అటుగా వస్తే లేచి నిలబడుతున్నారు. క్లాసులో మాత్రం మనిషి వేరు. రుణ సంఖ్యలు చెబుతూ మంచు కొలిచే కర్రను బోర్డు పక్కన నిలబెట్టారు. నేలకి పైన ఎంత, కింద ఎంత అని.

మరుసటి మార్చిలో నాయిజి అందుకోవడం నా మార్గదర్శి వంతైంది. తీరం వైపు ఒక జూనియర్ హైకి వైస్ ప్రిన్సిపాల్‌గా వేశారు. ఆ నెలే నా ఏడాదిన్నర కూడా అయిపోయింది. వేసవిలో ఆయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. కొత్త సవరణతో 2026 నుంచి జూనియర్ హైలోనూ తరగతికి 35 అవుతుంది, మీ ముచ్చటైన పట్టిక ఇక వేరేగా లెక్కపెట్టుకోవాలి అని రాశారు. తన బడికి సంగీతం టీచరు దొరకలేదట. లైసెన్స్ లేని టీచరు అనుమతి దరఖాస్తు ఈసారి తానే నింపి, నిన్నటిదాకా తాను కూర్చున్న ఆఫీసుకే పంపించారట. ఒక కాలమ్ తప్పుగా నింపారని వెనక్కి వచ్చిందట.